సూదిమందుతో డాలస్ ప్రయాణం: వేడి కన్నా మందు గడ్డకట్టడానికే ఎక్కువ భయపడండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. నాలుగేళ్ల కిందట పాలీసైథీమియా వెరా అని తేలింది, జాక్2 అనే జన్యుమార్పు పాజిటివ్. మొదట్లో రక్తం తీయించుకునేదాన్ని. రెండేళ్లుగా ప్రతి ఆదివారం రాత్రి పెగాసిస్ (ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్) 90 మైక్రోగ్రాములు నేనే పొట్ట మీద వేసుకుంటున్నాను. రోజూ ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) వాడతాను. అమ్మాయి పురుడుకని మే నెలాఖరున డాలస్ వెళ్లి ఐదు నెలలు ఉండాలి. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా టికెట్లు తీశారు. 22 వారాలకు 22 సూదులు. డ్రై ఐస్ వేసి పెద్ద లగేజీలో పెట్టేయమంటున్నాడు అల్లుడు. ఎయిర్‌పోర్టులో సూదులు ఆపేస్తారేమోనని నా భయం. నాకు దొరికేది 180 సిరంజి, అందులో సగం పారబోస్తున్నాను. ఒక్కోటి రెండు వారాలు వాడుకుంటే 11 చాలవా? అసలు ఈ ఐదు నెలలూ మానేస్తే ఏమవుతుంది? – పేరు రాయవద్దు, ఒంగోలు

సమాధానం: టీచరుగారూ, ముందు మీ ఆఖరి ప్రశ్న సంగతి చూద్దాం. మీ అంతట మీరు మానేయకండి. పాలీసైథీమియా వెరా అంటే ఎర్ర కణాలు అతిగా తయారయ్యే జబ్బు. ఏళ్ల తరబడి నిదానంగా నడిచే రక్త క్యాన్సరే, కానీ రక్తం చిక్కబడి ఎక్కడో ఒకచోట గడ్డ కట్టడం దాని అసలు ముప్పు. మన ల్యాబ్ రిపోర్టుల్లో పీసీవీ అని రాసే అంకె (రక్తంలో ఎర్ర కణాల శాతం) 45 లోపు ఉండాలని మీ డాక్టరు చెప్పే ఉంటారు. అది గాల్లోంచి వచ్చిన లెక్క కాదు. ఇటలీ వైద్యులు 365 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పీసీవీని 45 లోపు ఉంచినవాళ్లతో పోలిస్తే 45–50 మధ్య వదిలేసినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద సమస్యలూ, వాటివల్ల మరణాలూ దాదాపు నాలుగు రెట్లు కనిపించాయి. పదహారు గంటలు సీట్లో కూర్చునే ప్రయాణం పెట్టుకుని మందు మానేస్తే ముప్పు మీద ముప్పు తెచ్చుకున్నట్టే.

అయితే ఒక్క సూది తప్పిపోతే కొంప మునగదు. ఇంటర్‌ఫెరాన్ ప్రభావం రాత్రికి రాత్రి పోయేది కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, దారిలో ఏదైనా సూది పాడైందని అనుమానం వస్తే ఖరీదైన మందు కదా అని దాన్నే వేసుకునేవాళ్లున్నారు. అలా చేయకండి. ఆ వారం ఆపి డాక్టరుకు మెసేజ్ పెట్టండి.

ఇక అల్లుడుగారి డ్రై ఐస్ సంగతి. విమానాల్లో రెండున్నర కిలోల దాకా డ్రై ఐస్‌ను ఎయిర్‌లైన్ అనుమతితో తీసుకెళ్లనిస్తారు, అంతవరకూ ఆయన చెప్పింది నిజమే. కానీ డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలుంటుంది. మీ మందు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఈ మందులో ఉన్నది ప్రొటీన్. గడ్డకడితే ఆ ప్రొటీన్ అణువులు ఆకారం చెడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే, కరిగించినా మందు మళ్లీ మందు కాదు. పైగా అలా ఉండకట్టిన ప్రొటీన్‌ను ఒంట్లో వేసుకుంటే శరీరం దాన్ని పరాయిదిగా చూసి యాంటీబాడీలు తయారుచేసే అవకాశం ఉంది. అప్పుడు మంచి సూది కూడా పనిచేయడం తగ్గుతుంది. ఇంతా జరిగాక సిరంజిని వెలుతురులో పట్టుకుని చూస్తే నీళ్లలా తేటగానే కనిపించవచ్చు, కంటికి చిక్కదు. పిల్లల టీకాలు కొన్ని గడ్డకట్టాయో లేదో ఏఎన్ఎంలు ఊపి చూసి తేలుస్తారు. అవి అడుగున తెల్లగా పేరుకునే రకం మందులు. ఆ పరీక్ష దీనికి పనికిరాదు, అసలు దీన్ని ఊపనే కూడదు.

వేడి విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. పెగాసిస్ ఫ్రిజ్ బయట 24 గంటలకు మించి ఉండకూడదని తయారీదారు కాగితంలో ఉంటుంది. అంటే ఎయిర్‌పోర్టు తనిఖీ బెల్టు దగ్గర గంటో రెండు గంటలో ఆలస్యమైతే మందు చచ్చిపోదు. కానీ ఆ 24 గంటలను ఆపద్ధర్మంగా అట్టిపెట్టుకోవాలి, ప్రయాణ ప్రణాళికలో కలిపేసుకోకూడదు. ఒంగోలులో మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద గంట ఉంచడం ఆ లెక్కలోకి రానేరాదు. గడ్డకట్టడానికైతే ఆ వెసులుబాటు కూడా లేదు, ఒక్కసారి జరిగినా ఆ సూది పారేయాల్సిందే. జనం చేసే పొరపాటు ఎక్కువగా ఇటువైపే: చల్లగా ఉండాలి కదా అని డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌ను మందు పెట్టెకు ఆనించి కట్టేస్తారు. అప్పుడే తీసిన ప్యాక్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆనిన వైపున్న సిరంజి గడ్డకడుతుంది, అవతలి వైపుది బాగానే ఉంటుంది. ఏది ఏదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

పెద్ద లగేజీలో అసలు పెట్టకండి. విమానం అడుగుభాగంలో చలి ఎంతుంటుందో మన చేతిలో ఉండదు, టార్మాక్ మీద ఎండ సంగతి సరేసరి, ఇక సూట్‌కేసు దోహాలో ఆగిపోతే మూడు రోజులకు వస్తుంది. మందు మీ చేతి సంచీలోనే, మీ కాళ్ల దగ్గరే ఉండాలి.

పెట్టె ఎలాంటిది తీసుకోవాలి? ఒకటి రెండు సూదులైతే వెడల్పు మూతి స్టీల్ ఫ్లాస్కు చాలు. మీవి డజనుకు పైగా ఉంటాయి. అట్టపెట్టెల్లోంచి తీయకూడదు, ఎందుకంటే మందుకు వెలుతురు తగలకూడదు, పైగా పేరున్న లేబులు దానిమీదే ఉంటుంది. కాబట్టి గట్టి గోడలున్న చిన్న మెడికల్ కూలర్ కావాలి. కొనే ముందు అన్ని అట్టపెట్టెలూ, ప్యాక్‌లూ, తువ్వాలూ పట్టేలా కొలత తీసుకోండి, ఎయిర్‌లైన్ చేతి సామానుకు ఇచ్చే కొలతలు కూడా చూసుకోండి. నీళ్లలో ముంచితే చల్లబడే గుడ్డ పౌచ్‌లు ఇన్సులిన్ కోసం అమ్ముతారు. అవి వాడకంలో ఉన్న ఇన్సులిన్‌కు సరిపోతాయి, వాటి చల్లదనం గది వేడికి కాస్త కిందనే ఆగిపోతుంది, 8 డిగ్రీలకు దిగదు. మీకు పనికిరావు.

ప్యాక్‌లు రెండు రకాలు. మామూలు జెల్ లేదా నీళ్ల ఐస్ ప్యాక్‌లైతే ఫ్రీజర్‌లోంచి తీశాక వంటగట్టు మీద పెట్టి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. పిల్లలకు టీకాలు వేసే రోజున ఆరోగ్య కార్యకర్తలు టీకా డబ్బా సర్దేముందు చేసేది ఇదే. కరగడం మొదలైన మంచు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, అందుకే అది ఫ్రీజర్ ప్యాక్ అంత ప్రమాదం కాదు. అయినా మందుకు ఆనకూడదు, మధ్యలో మడత తువ్వాలు ఉండాలి. రెండో రకం 5 డిగ్రీల దగ్గర కరిగేలా తయారుచేసిన ప్యాక్‌లు. మందులను చల్లగా చేరవేసే (కోల్డ్ చెయిన్) సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ధర ఎక్కువే కానీ మీ అవసరానికి అవే మేలు. వాటిని కూడా డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెట్టకూడదు, మొదట కాసేపు బయట ఉంచాలి. సర్దే వరుస ఇది: అడుగున, పక్కల ప్యాక్‌లు, వాటికి లోపలివైపు పలచని తువ్వాలు, నడుమ మందు అట్టపెట్టెలు, పైన మళ్లీ తువ్వాలు, ఒక ప్యాక్. ఖాళీ మిగిలితే గుడ్డలు కుక్కండి. లోపల గాలి ఎక్కువుంటే త్వరగా వేడెక్కుతుంది.

తీగ చివర చిన్న మొన ఉండే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే రకం అయితేనే ప్రయోజనం. ఆ మొన రెండు అట్టపెట్టెల మధ్య ఉండాలి, తెర బయటికి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు, మందు లేకుండా, ఖాళీ మందుపెట్టెల్లో నీళ్లు నింపిన చిన్న సీసాలు పెట్టి ఇంట్లో పరీక్ష చేయండి. ఏసీ వేయకండి. మీరు ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి డాలస్ ఇంట్లో ఫ్రిజ్ తెరిచేదాకా ఎన్ని గంటలో లెక్క కట్టండి: ఒంగోలు–శంషాబాద్ కారులో ఏడు, ఎయిర్‌పోర్టులో నాలుగు, దోహాకు నాలుగున్నర, అక్కడ ఆగేది మూడు, దోహా–డాలస్ పదహారు, ఇమ్మిగ్రేషన్, ఇంటికి చేరేది మరో మూడు. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది గంటలు. పరీక్ష కూడా అన్ని గంటలూ సాగాలి, మధ్యలో తనిఖీ కోసం తెరిచినట్టు నాలుగైదు సార్లు మూత తీయాలి. కనిష్ఠం 2 కిందికి పోతే తువ్వాలు మందం పెంచండి. గరిష్ఠం 8 దాటితే ఇంకో ప్యాక్ కావాలి. ఈ పరీక్ష ఒకటి చేస్తే ప్రయాణంలో సగం బెంగ తగ్గుతుంది.

గంటలు తగ్గించే తేలిక దారి కూడా ఉంది. ఒక రోజు ముందే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో ఫ్రిజ్‌లో మందు పెట్టి, ప్యాక్‌లు మళ్లీ గడ్డకట్టించుకుని బయల్దేరండి. హోటల్లో దిగితే జాగ్రత్త. గదిలోని చిన్న ఫ్రిజ్‌లు కొన్ని కూల్‌డ్రింకులు చల్లబడేంతే పనిచేస్తాయి, 8 డిగ్రీలకు దిగవు, కొన్ని గోడవైపు గడ్డ కట్టిస్తాయి. మందు లోపల పెట్టే ముందు థర్మామీటరు రెండు గంటలు పెట్టి చూడండి. కీకార్డు తీయగానే కరెంటు పోయే గదులుంటాయి, ఫ్రిజ్ ప్లగ్ కూడా అందులోనే ఉందేమో రిసెప్షన్‌లో అడగండి.

విమానంలో సిబ్బందిని వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టమని అడగకండి. చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకున్నా దిగేటప్పుడు మరిచిపోయే భయం ఒకటి. జిప్ కవర్లు నాలుగు దగ్గరుంచుకుని ఐస్ ముక్కలు మాత్రం అడగండి, అవి ఇస్తారు. కరుగుతున్న ఐస్‌ను కవర్లో కట్టి, తువ్వాలు చుట్టి, ప్యాక్ స్థానంలో పెట్టొచ్చు. దోహాలో అమెరికా విమానాలకు మళ్లీ తనిఖీ ఉంటుంది కాబట్టి ఐస్ విమానం ఎక్కాక తీసుకోవడమే నయం.

ఇప్పుడు ఎన్ని సూదులు అన్నది. అమెరికాకు సొంత వాడకానికి తెచ్చుకునే మందులు సాధారణంగా 90 రోజులకు మించకూడదన్నది అక్కడి అధికారులు పాటించే లెక్క. మీ లెక్కన 13 సూదులు. 22 తీసుకెళితే తప్పకుండా ఆపేస్తారని కాదు, నిర్ణయం అక్కడి అధికారిది. బస తేదీలు రాసిన డాక్టరు ఉత్తరం, తిరుగు టికెట్టు కాపీ ఉంటే మీ మాటకు ఆధారం ఉంటుంది. 90 రోజులకు మించి ఉండే విదేశీయులు వీసా, పాస్‌పోర్టు కాపీలూ, డాక్టరు ఉత్తరమూ జతచేసి మిగతా మందు ఇండియా నుంచి తెప్పించుకునే వీలుంది కానీ, కొరియరులో చల్లదనం నిలబెట్టడం మనవల్ల అయ్యే పని కాదు. మాత్రలకైతే ఆ దారి బాగుంటుంది. మీకు సలహా ఇవ్వం.

ఒక సిరంజిని రెండు వారాలు వాడటం గురించి. డబ్బు దండగ అన్న బాధ అర్థమవుతుంది, మీలా లెక్క వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అది ఒక్కసారి వాడకానికి చేసిన సిరంజి. సూది గుచ్చాక మిగిలిన మందు వారం రోజులు శుభ్రంగా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మామూలు ప్లాస్టిక్ సిరంజిలోకి ముందే లాగి దాచుకోవడం ఇంకా చెడ్డది. దీనికి బదులు డాక్టరును అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "రెండేళ్లుగా నా కౌంట్లు నిలకడగా ఉంటే సూదికి సూదికి మధ్య ఎడం పెంచవచ్చా?" నిలకడగా ఉన్నవాళ్లకు హెమటాలజిస్టులు (రక్త వ్యాధుల నిపుణులు) వారాన్ని పది రోజులకో రెండు వారాలకో పెంచడం ఉంది. రెండు వారాలైతే మీ ఐదు నెలలకు 11 సరిపోతాయి, సిరంజిలో సగం పారబోయడం తప్పకపోయినా 90 రోజుల గొడవ చాలావరకు తీరుతుంది. మీకు కుదురుతుందో లేదో ఆయనే చెప్పాలి. అడిగేది మాత్రం ఇప్పుడే. ఎడం మార్చాక రెండు మూడు సార్లు రక్తపరీక్ష ఇక్కడే చూసుకుని వెళ్లాలి కదా.

ఎన్ని కుదిరినా ఒకటి రెండు అదనంగా ఉంచుకోండి. సూది వంగడం, చేయిజారి సిరంజి పగలడం మామూలే.

కాగితాలు. డాక్టరు ఉత్తరం ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద ఉండాలి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. జబ్బు పేరు పూర్తిగా. మందు బ్రాండు పేరుతోపాటు అసలు పేరు, అంటే పెగ్‌ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2ఏ. మోతాదు, ఎన్ని సిరంజిలు తీసుకెళ్తున్నారు, 2–8 డిగ్రీల్లో ఉంచాలి, ఐస్ ప్యాక్‌లు అవసరం అన్న మాటలు తప్పకుండా ఉండాలి. జబ్బు పేరు ఎందుకంటే, పెట్టెలో వచ్చే కాగితం ఎక్కువగా హెపటైటిస్ బి, సిల గురించే మాట్లాడుతుంది, అది చదివినవాళ్లు మీకు కాలేయం జబ్బనుకుంటారు. ఉత్తరం, మందుల చీటీ, తాజా సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు మూడేసి కాపీలు: ఒకటి కూలర్ పై జేబులో, ఒకటి పాస్‌పోర్టుతో, ఒకటి అమ్మాయి ఫోనులో. నిద్రమాత్రలో, నరాల మాత్రలో వాడుతుంటే వాటిని కూడా చీటీలో రాయించండి. గల్ఫ్ దేశాల్లో అనుమానంగా చూసేది అలాంటి వాటినే, మీ సూదిని కాదు.

తనిఖీ దగ్గర మీరే ముందు నోరు విప్పండి. కూలర్‌ను వేరే ట్రేలో పెట్టి "ఇంజెక్షన్ మెడిసిన్, ఐస్ ప్యాక్స్, డాక్టర్ లెటర్ ఉంది" అని చెప్పండి. చేతి సామానులో ద్రవాలకు ఉండే 100 ఎం.ఎల్. నిబంధన నుంచి మందులకు మినహాయింపు ఉంది. అమెరికాలో వైద్య అవసరానికి తెచ్చే ఐస్ ప్యాక్‌లు సగం కరిగి ఉన్నా అనుమతిస్తారు. మందుతోపాటు ఉన్న సూదులకూ అభ్యంతరం లేదు. ఎక్స్‌రే యంత్రంలోంచి వెళితే మందుకేమీ కాదు. ఒక్క మనవి: ఆవకాయ జాడీ, కరివేపాకు పొడి, పాతగుడ్డ మూటలో కట్టిన కాయం మందుల సంచీలో పెట్టకండి. లేబుల్ లేని పొడులూ సూదులూ ఒకేచోట కనబడితే అడిగే ప్రశ్నలు రెట్టింపవుతాయి. డాలస్ కస్టమ్స్‌లో మందులున్నాయని చెప్పేయడమే పద్ధతి.

సూది రోజు. వారానికొకసారి వేసుకునే మందుకు గంటల తేడా లెక్కలోకి రాదు. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఒంగోలు ఆదివారం రాత్రి బదులు అక్కడి ఆదివారం రాత్రి వేసుకుంటే సరిపోతుంది. విమానం మాత్రం సూది మర్నాడు పడకుండా చూసుకోండి. ఒళ్లునొప్పులు, వణుకు, జ్వరం సూది వేసిన కొన్ని గంటలకు మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. జ్వరంతో ఎయిర్‌పోర్టు క్యూలో నిలబడటం ఎందుకు? మీరు ఆదివారం వేసుకుంటారు కాబట్టి బుధ, గురువారాల విమానం హాయి. ఒకవేళ సూది తప్పితే, రెండు రోజుల్లోపు గుర్తొస్తే వెంటనే వేసుకుని తర్వాతది మామూలు రోజునే వేసుకోవాలి. అంతకన్నా ఆలస్యమైతే డాక్టరును అడగాలి. రెండు సూదులు కలిపి వేసుకోవడం ఎప్పుడూ లేదు.

వేసుకునే పద్ధతి మీకు తెలిసిందే. కొత్త చోట తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి: గీత దాకా అదనపు మందును బయటికి నెట్టేది ముందు, ఒంట్లో గుచ్చేది తర్వాత. ఎవరైనా సాయం చేస్తూ "సగం దాకా ఎక్కించి ఆపేద్దాం" అంటే చేయి అదిరి మోతాదు మారిపోతుంది. రెండోది: మీ సిరంజిలో 180 మైక్రోగ్రాములు అర ఎం.ఎల్.లో ఉంటాయి, మీ 90 అంటే పావు ఎం.ఎల్. అమెరికాలో దొరికే వయల్‌లో (చిన్న మందుసీసాలో) అదే 180 ఒక ఎం.ఎల్.లో ఉంటుంది, అక్కడ 90 అంటే అర ఎం.ఎల్. అవసరపడి అక్కడ వయల్ తీసుకుంటే ఎం.ఎల్. లెక్కతో కాక మైక్రోగ్రాముల లెక్కతో చూడండి, లేకపోతే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది. అక్కడి డాక్టరు బెస్రెమీ అనే మందు పేరు చెప్పవచ్చు. ఈ జబ్బుకే 2021 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన ఇంటర్‌ఫెరాన్ అది, రెండు వారాలకొకసారి వేస్తారు. దాని మైక్రోగ్రాములకూ మీ మైక్రోగ్రాములకూ పొత్తు కుదరదు, అంకెకు అంకె మార్చుకోకూడదు.

విమానంలో మందు కన్నా కాళ్ల మీద దృష్టి పెట్టండి. నడవ పక్క సీటు తీసుకోండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే అలవాటు మన ఆడవాళ్లలో ఎక్కువ. మీ జబ్బులో అది నేరుగా రక్తాన్ని చిక్కబరుస్తుంది. లేవాల్సి రావడమే మీకు మంచిది. నిద్రమాత్ర వేసుకుని పది గంటలు ఒకే భంగిమలో పడుకోకండి. మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్లు వేసుకోవచ్చా అని డాక్టరును అడిగి, కాలి చుట్టుకొలత తీసి కొనండి. ఎకోస్ప్రిన్ మానకండి. బయల్దేరే ముందు వారం పది రోజుల్లో సీబీసీ చేయించి, పీసీవీ 45 దగ్గరికి వస్తుంటే ఇక్కడే బ్లడ్ బ్యాంకులో రక్తం తీయించుకుని వెళ్లండి. అమెరికాలో ఆ పనికి కొత్త డాక్టరు, కొత్త చీటీ, పెద్ద బిల్లు కావాలి.

డాలస్ ఇంట్లో మందు ఫ్రిజ్ నడిమి అరలో, వెనక గోడకు ఆనకుండా, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. తలుపు అరలో వద్దు, తెరిచి మూసేటప్పుడల్లా వేడి తగులుతుంది. గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉంటే అందులోనూ వద్దు, టెక్సాస్ వేసవి మన కోస్తాకు తీసిపోదు. థర్మామీటరును అక్కడే వదిలేయండి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకండి, అలా పెట్టేటప్పుడే వేలికి గుచ్చుకుంటుంది. అక్కడ ఫార్మసీల్లో సూదుల డబ్బా అమ్ముతారు, లేదా మందపాటి ప్లాస్టిక్ బట్టల సోపు సీసా వాడొచ్చు. నిండబోతుండగా మూత బిగించి టేపు చుట్టి, మీరుండే ఊళ్లో ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి.

మూడు నెలలు దాటే బస కాబట్టి అక్కడ కనీసం ఒకసారి సీబీసీ, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు పడాలి. ఇంటర్‌ఫెరాన్ థైరాయిడ్‌ను కదిలిస్తుంది. క్వెస్ట్, ల్యాబ్‌కార్ప్ లాంటి ల్యాబ్‌లు చాలా రాష్ట్రాల్లో డాక్టరు చీటీ లేకుండానే సొంత డబ్బుతో పరీక్షలు చేస్తాయి. రిపోర్టు చూసి కంగారుపడకండి: ప్లేట్‌లెట్లు 250 అని ఉంటే మన రెండున్నర లక్షలు, తెల్ల కణాలు 6.2 అంటే 6,200. పీసీవీ అన్న మాట ఉండదు, హెమటోక్రిట్ అని ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో మీ డాక్టరుకు పంపితే చాలు. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు పాత జబ్బుల షరతు చదవండి. విజిటర్ పాలసీలు చాలావరకు క్యాన్సరును తీసేస్తాయి, అమ్మే ఏజెంటు నోటిమాట చాలదు.

మందుల పేర్లు మారతాయి. అక్కడ చిన్న ఆస్పిరిన్ 81 మిల్లీగ్రాములు, మన 75కు బదులు వాడేది అదే. డోలో 650 అక్కడ టైలెనాల్, పెట్టె మీద అసెటమినోఫెన్ అని ఉంటుంది, రెండూ ఒకటే కాబట్టి కలిపి మింగకండి. అడ్విల్, మోట్రిన్ అన్నవి ఐబుప్రొఫెన్. అవి ఆస్పిరిన్ పనికి అడ్డుపడతాయి, రక్తస్రావం ముప్పు కూడా పెంచుతాయి, ఒంటినొప్పులకు అవి వద్దు. మల్టీవిటమిన్ కొనేముందు ఐరన్ లేని రకం చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రక్తం తీయించుకున్నవాళ్లకు ఐరన్ తక్కువగానే ఉంటుంది, ఆ లోటే ఎర్ర కణాలను అదుపులో ఉంచుతోంది. రిపోర్టు చూసి ఎవరో అయ్యో నీరసం అని ఐరన్ టానిక్ పట్టిస్తే పీసీవీ మళ్లీ ఎక్కుతుంది. తిప్పతీగ కూడా మానండి. కోవిడ్ కాలంలో మన దేశంలోనే దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యులు నమోదుచేశారు, ఇంటర్‌ఫెరాన్ తీసుకునే కాలేయానికి ఇంకో బరువెందుకు?

పసిబిడ్డ ఉన్న ఇల్లు. సూది జ్వరం అంటదు, మీకు క్యాన్సరని బిడ్డను ఎత్తుకోకుండా దూరం పెట్టాల్సిన పనీ లేదు. అయితే జ్వరం సూదితో సంబంధం లేని రోజున వచ్చినా, రెండు రోజులు దాటినా, దగ్గుతో వచ్చినా అది ఇన్‌ఫెక్షన్ అనుకుని డాక్టరుకు చూపించుకోండి. ఫ్లూ టీకా, కోరింతదగ్గు టీకా ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడిగి వేయించుకుంటే బిడ్డకూ రక్షణ. కొత్తగా చూపు మసకబారితే ఆలస్యం చేయకండి, ఇంటర్‌ఫెరాన్ కంటి వెనక పొరను తాకవచ్చు. షుగరు, బీపీ ఉంటే వెళ్లే ముందే కంటి పరీక్ష చేయించుకోండి.

మనసు సంగతి అమ్మాయికి, అల్లుడికి ముందే చెప్పి ఉంచాలి. ఇంటర్‌ఫెరాన్ కొందరిలో దిగులు, చిరాకు, నిద్రలేమి తెస్తుంది, కొందరిలో చచ్చిపోవాలన్న ఆలోచన దాకా పోతుంది. అందరూ ఆఫీసుకు వెళ్లాక నాలుగు గోడల మధ్య ఉండే రోజుల్లో ఇది ఇంటి బెంగలాగే కనిపిస్తుంది. రెండు వారాలపాటు తిండి, నిద్ర, మాట తగ్గిపోతే బెంగ అని సరిపెట్టకుండా డాక్టరుకు చెప్పాలి, మందే మార్చాల్సి రావచ్చు. ఆపద వేళ అమెరికాలో 988, మన దేశంలో టెలీ మానస్ 14416 పగలూ రాత్రీ పలుకుతాయి.

ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకర, చేయి పట్టు తప్పడం, మాట తడబడటం, తట్టుకోలేని కడుపునొప్పి, ఇవేవి కనిపించినా సూది వల్లేమో అని ఆలోచించకుండా 911. అక్కడి డాక్టరుకు మొదటి మాటగా "పాలీసైథీమియా వెరా, హిస్టరీ ఆఫ్ హై హెమటోక్రిట్, ఆన్ ఇంటర్‌ఫెరాన్ అండ్ ఆస్పిరిన్" అని చెప్పమని అమ్మాయికి నేర్పండి.

తిరుగు ప్రయాణానికి అదే కూలర్, అవే ప్యాక్‌లు. ఒంగోలు చేరిన వారానికి సరిపడా ఒక సూది మిగిలేలా లెక్క వేసుకోండి, ఇక్కడ మందు తెప్పించడానికి నాలుగైదు రోజులు పడుతుంది. వాడిన సూదుల డబ్బా మాత్రం వెనక్కి తేకండి.